జర్మన్ వైన్ పరువు తీసింది చక్కెర కాదు, లేబుల్!

పోయిన వీడియోలో జర్మన్ తీపి వైన్ బాగుంటుందని ఒక్క మాట అన్నాను. అంతే! "అది వైనా, చెరుకురసమా" అని నన్ను వాయించేశారు. సరే, ఈసారి వాదనలు లేవు. నాలుకే తేలుస్తుంది.

శనివారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంట్లో ఆరుగురం కూర్చున్నాం. ఐదు సీసాలు, ఐదింటికీ న్యూస్‌పేపర్ చుట్టేశాను. మాలో ఒక బావ ఉన్నాడు, "డ్రై తప్ప నాకు గొంతు దిగదురా" అనే రకం. డ్రై అంటే తీపి లేని వైన్. ఆయన దేనికి ఫస్ట్ వేశాడో తెలుసా? మూడో సీసాకి. పేపర్ విప్పాను. ష్పేట్‌లేసే! బాగా పండేదాకా ఆగి, ఆలస్యంగా కోసిన రీస్లింగ్ రకం ద్రాక్షతో చేసిన తియ్యటి వైన్. "ఇందులో తీపెక్కడుందిరా" అని ఇంకో గ్లాసు పోయించుకున్నాడు. ఉంది బావా, పులుపు దాన్ని పైకి లేవనివ్వడం లేదు. నిమ్మకాయ షర్బత్‌లో ఎంత చక్కెర పోస్తామో ఎప్పుడైనా లెక్క చూశామా?

ఇప్పుడు ఐదో సీసా. ఆరుగురిలో ఒక్కరూ రెండో గుక్క తాగలేదు. తియ్యగా, నీళ్లగా, చప్పగా. పేపర్ విప్పితే లేబుల్ మీద పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్. మూడో సీసా మీద పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్ఫ్‌షెన్. చూడండి, రెండింటి మీదా ఒకే ఊరి పేరు! మోజెల్ నది ఒడ్డున ఉన్న పీస్‌పోర్ట్.

గోల్డ్‌ట్రోప్ఫ్‌షెన్ అంటే నిజంగా ఒక కొండ. నది వంపులో, ఎండకి ఎదురుగా, నిలబడితే కాలు జారేంత ఏటవాలు. నేలంతా పలకరాయి. ఒకటో తరగతిలో అఆలు దిద్దిన పలక గుర్తుందా, అదే జాతి రాయి. పగలంతా ఎండ తాగి రాత్రి ఆ వేడిని తీగలకి ఇస్తుంది. అక్కడ ట్రాక్టర్ ఎక్కదు, మనిషే ఎక్కాలి.

మరి మిషెల్స్‌బెర్గ్? పేరులో బెర్గ్ ఉంది కాబట్టి అదీ కొండే అనుకున్నారు కదా? నేనూ అలాగే మోసపోయాను. అది ఒక తోట కాదు. చుట్టుపక్కల చాలా ఊళ్ల తోటల్ని ఒకే గంపలో వేసి పెట్టిన పేరు. పీస్‌పోర్ట్‌లో పండకపోయినా పీస్‌పోర్టర్ అని రాసుకోవచ్చు. అసలు రీస్లింగే కానక్కర్లేదు, మ్యూలర్ తూర్‌గావ్ అనే తేలిగ్గా పండే రకం పోసినా చెల్లుతుంది. దొంగతనం అనకండి, 1971 వైన్ చట్టమే ఇచ్చిన లైసెన్స్ ఇది! పైగా ఆ చట్టం గ్రేడు దేన్ని చూసి ఇచ్చింది? ద్రాక్షరసంలో ఎంత చక్కెర ఉందో చూసి. నేల లేదు, కొండ లేదు, రైతు కష్టం లేదు.

నేను చెప్పేది ఒక్కటే, మళ్లీ చెప్తున్నా. జనం తీపిని చూసి పారిపోలేదు. పేరున్న ఊరని చూసి కొన్నారు, ఐదో సీసా తాగారు, మొత్తం జర్మనీకే దండం పెట్టేశారు. 2021లో రూల్స్ మార్చారు, 2026 పంట నుంచి ఇలాంటి గంప పేర్ల పక్కన ఊరి పేరు పెట్టకూడదు. యాభై ఏళ్లు పట్టింది బాబూ!

అన్నట్టు, మధ్యలో మా అక్క మిరపకాయ బజ్జీలు వేసింది. వాటితో ఏది నిలబడిందనుకున్నారు? కాబినెట్ అనే తేలికపాటి జర్మన్ వైన్. ఎనిమిది, తొమ్మిది శాతం ఆల్కహాల్, కాస్త తీపి. మా బావ తెచ్చిన పద్నాలుగు శాతం రెడ్ వైన్ బజ్జీ మీద పడగానే నోరు భగ్గుమంది. కారం తినే జాతికి డ్రై వైన్ గొప్పని ఎవరు నేర్పారో గానీ, వాళ్లని ఒకసారి గుంటూరు తీసుకెళ్లాలి.

ఐదో సీసా ఇంకా మా ఫ్రిజ్‌లోనే ఉంది, ముప్పావు నిండా. కావలసినవాళ్లు వచ్చి పట్టుకుపోండి. బీరు సీసా అయితే వెనక్కిస్తే ఎనిమిది సెంట్లన్నా వచ్చేవి, వైన్ సీసాకి అదీ లేదు.