పాత కారు ఇంజిన్ చప్పుళ్ళు పట్టుకునే స్టెతస్కోప్: ఆరు నెలలు వాడాక

నమస్కారం. నా చేతిలో ఉన్నది మెకానిక్కుల స్టెతస్కోప్. డాక్టరు మెడలో ఉండేదానిలాగే ఉంటుంది. కాకపోతే ఛాతీకి ఆనించే బిళ్ళ స్థానంలో చిన్న డబ్బీ, దానికి జానెడు ఉక్కు చువ్వ. చువ్వ కొనను ఇంజిన్‌కు ఆనిస్తే లోపలి చప్పుడు నేరుగా చెవిలో పడుతుంది. ఆరు నెలలుగా నా పాత కారు మీద, బంధువులు కొందామని చూసిన మరికొన్ని కార్ల మీద దీన్ని వాడాను.

మొదటిసారి పెట్టుకోగానే భయం వేసింది. నిక్షేపంగా ఉన్న ఇంజిన్ కూడా ఇందులో రోట్లో రాళ్ళు పోసి దంచినట్టు వినిపిస్తుంది. పైగా ఇంజిన్ అంతా లోహం. ఒక మూల కొట్టుకుంటే నాలుగు మూలలా మోగుతుంది. అందుకే ఒక్కచోట విని తీర్పు చెప్పడం కుదరదు, పోల్చి చూడాలి. ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు నాలుగు ఉంటే నాలుగింటినీ వినండి. అవన్నీ టిక్ టిక్‌మనడం మామూలే. మూడు ఒకలా పలికి నాలుగోది మూగబోతే అప్పుడు అనుమానించాలి.

ఇది బాగా పనిచేసేది బెల్టు వైపు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు, అన్నీ పక్కపక్కనే ఉండి ఒకేసారి తిరుగుతాయి కాబట్టి గరగర ఎక్కడిదో ఉత్త చెవికి తెలియదు. చువ్వను తిరిగే పుల్లీకి కాదు, కదలని బోల్టుకో, పైతొడుగుకో ఆనించండి. అరిగిన బేరింగ్‌లో ఇసుక నూరుతున్నట్టు ఉంటుంది. ఇక్కడే నాకు దీనితో పేచీ. రబ్బరు గొట్టం మరీ పొడుగు. వంగితే బెల్టు మీదకు వేలాడుతుంది. నేను సగం కత్తిరించేశాను. చొక్కా చేతులు కూడా మడుచుకోండి. విద్యుత్ ఫ్యాన్ చెప్పాపెట్టకుండా తిరగడం మొదలుపెడుతుంది.

బెల్టే కీచుమంటుంటే ఈ పరికరం అక్కర్లేదు. గాళ్ళున్న వైపు కాస్త నీళ్ళు చిలకరించండి. చప్పుడు కాసేపు ఆగితే పుల్లీలు ఒక వరుసలో లేనట్టు, ఇంకా పెరిగితే బెల్టు జారుతున్నట్టు.

ఇక నన్ను బాగా తిప్పలు పెట్టిన సంగతి. ఉదయం స్టార్ట్ చేయగానే నా కారు టక టకమనేది, పది నిమిషాలకు ఆగిపోయేది. చూసిన మెకానిక్ వాల్వులు పోయాయి, ఇంజిన్ పైభాగం విప్పాలన్నాడు. చువ్వతో పైమూత అంతా విన్నాను, తేడా ఏమీ లేదు. చువ్వ తీసేసి ఉత్త గొట్టాన్ని సైలెన్సర్ మొదలయ్యే చోట, ఇంజిన్‌కు బిగించిన మానిఫోల్డ్ వెంట, తగలకుండా జరుపుతూ పోయాను. ఒక అతుకు దగ్గర ఫట్ ఫట్ మని గాలి. గాస్కెట్, అంటే అతుకు మధ్య పెట్టే పట్టీ, లీకు! లోహం వేడెక్కి వ్యాకోచించగానే సందు మూసుకుపోతోంది. గాలి లీకులకు చువ్వ కంటే ఉత్త గొట్టమే మేలని అప్పుడు తెలిసింది.

లోతుగా, గుద్దినట్టు వచ్చే చప్పుడు వేరే కథ. ముందు ఆయిల్ మట్టం చూడండి. పిస్టన్లు తిప్పే క్రాంక్ నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే, వాల్వులు తెరిచే క్యామ్ 400 సార్లే తిరుగుతుంది. అందుకే వాల్వుల టిక్ టిక్ కాస్త తీరికగా, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ దెబ్బ దానికి రెట్టింపు వేగంతో పడతాయి. చువ్వను కింద ఆయిల్ పాన్ పైభాగంలో ఆనించినప్పుడు గుద్దు గట్టిగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కితే పెరిగితే, ఆ కారు బేరం నేనైతే వదిలేస్తాను.

ఇంకొకటి. కారు చూడటానికి వెళితే ముందు బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే సగం సాక్ష్యం పోయినట్టే. క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్ గలగల మొదటి రెండు క్షణాల్లోనే వినిపిస్తుంది, ఆ చైన్‌ను బిగించే టెన్షనర్‌లోకి ఆయిల్ ఎక్కగానే ఆగుతుంది. పిస్టన్ వదులుగా కొట్టుకునే చప్పుడు కూడా వేడెక్కితే తగ్గుతుంది. రాడ్ బేరింగ్ దెబ్బ అందుకు ఎదురు, ఆయిల్ వేడెక్కి పలచబడ్డాకే బయటపడుతుంది. అందుకని నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ఫోనులోనే చెబుతాను.

శబ్దాన్ని పెంచి వినిపించే ఎలక్ట్రానిక్ రకాన్ని కూడా వాడి చూశాను. కావలసింది, అక్కర్లేనిది అన్నీ కలిపి హోరెత్తించింది. నాకు ఈ చువ్వ రకమే నచ్చింది. పరుగులో ఉన్నప్పుడు మాత్రమే వచ్చే చప్పుళ్ళకు మాత్రం ఇది పనికిరాదు. చెవిలో పెట్టుకునే బుడిపెలు గట్టిగా ఉన్నాయి, పావుగంట దాటితే నొప్పి.

అన్నట్టు, గత వారం ఒక బంధువు టైమింగ్ చైన్ పోయిందని కంగారుగా పిలిచారు. వెళ్ళి, చల్లగా ఉన్న సైలెన్సర్ మీది వేడి అడ్డురేకును పిడికిలితో తట్టాను. గలగలమంది. బోల్టు ఒకటి ఊడింది, అంతే. స్టెతస్కోప్ సంచిలోంచి బయటికే రాలేదు.