ఇంటికి తేనెపట్టు పట్టినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

మామిడి పూత మొదలైందంటే మా పర్లాకిమిడి వీధుల్లో ఏటా ఒక కబురు వినిపిస్తుంది: ఫలానా వాళ్ల నీళ్ల ట్యాంకుకి తేనెపట్టు పట్టిందట అని. వెంటనే ఎవరో ఒకరు కాగడా కడతారు, కిరసనాయిలు తెస్తారు. ఆ కాగడా దించమని అడగడానికే ఈవేళ మీతో మాట్లాడుతున్నాను.

కిందటేడు మా పెరట్లో జామకొమ్మకి పొద్దున్నే ఈగల గుంపు వాలింది. పనసకాయంత ముద్ద. దగ్గరగా చూస్తే ముద్దంతా సన్నగా కదులుతోంది. టెన్షన్‌తో పిల్లల్ని లోపలికి తోసి తలుపేశాను. చింతపండు అమ్మవచ్చిన సవర తాత అటు చూసి, "భయం నేదు బాబూ. ఈటికి ఇల్లు నేదు, పిల్లలు నేవు. కాపలా దేనికి కాస్తాయి?" అన్నాడు.

నిజమే. పాత పట్టు ఇరుకైతే రాణి ఈగ సగం మందిని వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. అవి కడుపునిండా తేనె తాగి వస్తాయి. కొత్త చోటు దొరికేదాకా కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఆగుతాయి, అంతే. రాయి వేయకుండా, పొగ పెట్టకుండా దూరంగా ఉంటే చాలు. మర్నాడు మధ్యాహ్నానికి మా కొమ్మ ఖాళీ.

పట్టు కట్టేశాక సంగతి వేరు. గోడ కన్నంలో, చెట్టు తొర్రలో చేరేవి చిన్నరకం ఈగలు. వీటిని పెట్టెల్లో పెంచుతారు కాబట్టి ప్రాణంతో తరలించవచ్చు. గుణుపురంలోనో, ఆర్. ఉదయగిరిలోనో కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి. ఈగలు లోపలుండగా కన్నానికి సిమెంటు మాత్రం పూయకండి. అవి మరో సందు వెతుక్కుని గదిలోకే వస్తాయి. చచ్చిపోతే లోపలి తేనె కారి చీమలు పడతాయి.

ట్యాంకు కింద, మేడ అంచున ఒకే రేకులా వేలాడేది కొండ తేనెటీగల పట్టు. మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. దీని జోలికి మనం పోకూడదు. ఇవి పెట్టెలో ఇమడవు. పూతకాలం ముగిశాక చాలాసార్లు వాటంతటవే లేచిపోతాయి. బడి గుమ్మం మీదో, నడిచే దారిలోనో పట్టి ఆగలేని పరిస్థితైతే అనుభవమున్నవాళ్లని, లేదా అగ్నిమాపక కేంద్రాన్ని పిలవండి. రాత్రిపూట అటువైపు బల్బు ఆర్పేయండి, వెలుతురుకి వచ్చేస్తాయి. అవి వెళ్లిపోయాక మిగిలిన మైనం గీకి, సున్నం కొట్టండి. ఆ వాసనకే మరో గుంపు వస్తుంది.

కాల్చిన పట్టులో తేనె కిరసనాయిలు కంపు కొడుతుంది, నోట పెట్టలేం. మన జీడితోటల్లో, ఆవచేలల్లో కాపు నిలబెట్టే ఈగల్ని బూడిద చేసి మనకి దక్కేదేమిటి?

ఇక కుట్టినప్పుడు. ముల్లు చర్మంలోనే దిగబడి ఉంటుంది, దాని చివర ఆవగింజంత విషపు సంచి. ఈగ పోయినా ఆ సంచి కొట్టుకుంటూ విషం ఎక్కిస్తూనే ఉంటుంది. అందుకే సున్నం కోసం, పసుపు కోసం పరుగెత్తకండి. ముందు గోటితో ముల్లు గీకేయండి. ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. తర్వాత సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. కుట్టిన చోట అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతా ఈగల్ని పిలుస్తుంది. కాబట్టి అక్కడ నిలబడకుండా, చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని గదిలోకి పరుగెత్తి తలుపేసుకోండి. చెరువులో దూకొద్దు, తల పైకెత్తేదాకా పైనే తిరుగుతుంటాయి.

ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, ఆయాసం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయండి. చాలా ఈగలు కుట్టినవాళ్లు బాగానే ఉన్నామన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక్క ఈగే కదా అని ఆయాసపడుతున్న మనిషిని మంచం మీద పడుకోబెట్టి చూస్తూ కూర్చోకండి. అప్పుడు కావలసింది అడ్రినలిన్ సూది. అది మన వంటింట్లో దొరకదు.

సెలవు.