అమ్మ కడుపులోని నెత్తురును మళ్ళీ పిలిచిన వైద్యం

నమస్కారం. ఈ రోజు మనం సికిల్ సెల్ వ్యాధికి వచ్చిన జన్యు చికిత్స గురించి వివరంగా మాట్లాడుకుందాం. 2023 నవంబరు 16న బ్రిటన్, డిసెంబరు 8న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలు కాస్‌గెవీ అనే చికిత్సకు అనుమతి ఇచ్చాయి. క్రిస్పర్ అనే జన్యు కత్తెర సాయంతో తయారై, ప్రభుత్వ అనుమతి పొందిన మొట్టమొదటి చికిత్స ఇదే. చెడిపోయిన జన్యువును సరిదిద్దే మందు వచ్చేసిందని ఆ వార్త విన్నవారిలో చాలామంది అనుకున్నారు. నిజానికి ఈ చికిత్స ఆ చెడిపోయిన జన్యువును ముట్టుకోనే ముట్టుకోదు. అది చేసే పని వేరు. ఆ పని ఏమిటో తెలిస్తేనే దీని గొప్పతనమూ, దీని పరిమితీ మనకు అర్థమవుతాయి.

ముందు జబ్బు సంగతి చూద్దాం. మన ఎర్ర రక్తకణాల్లో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటే, వాటిలో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ వచ్చి కూర్చోవడమే సికిల్ సెల్ వ్యాధికి కారణం. డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారినందుకు ఇంత జరుగుతుంది. ప్రాణవాయువును వదిలిన మరుక్షణం ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులుగా పేరుకుంటాయి. దాంతో గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన కణం కొడవలిలా వంగి బిరుసెక్కి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుపోతుంది. రక్తం అందని చోట పుట్టే నొప్పి ఎముకలను పిండేసినట్లుంటుందని రోగులు చెబుతారు. మామూలు ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతికితే, కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. అందుకే రక్తహీనత వీరిని విడిచిపెట్టదు. ప్లీహం దెబ్బతిని అంటురోగాలు త్వరగా సోకుతాయి, చిన్న వయసులోనే పక్షవాతం వచ్చే ప్రమాదమూ ఉంటుంది.

ఈ వ్యాధితో పుట్టిన బిడ్డ మొదటి కొన్ని నెలలు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఎందువల్ల? 1948లో జానెట్ వాట్సన్ అనే అమెరికా వైద్యురాలు ఇదే ప్రశ్న వేసుకుని, నవజాత శిశువుల రక్తంలో ఉండే పిండ హిమోగ్లోబినే వారిని కాపాడుతోందని సూచించారు. తల్లి కడుపులో ఉన్నంత కాలం బిడ్డ శరీరం బీటా గొలుసులకు బదులు గామా గొలుసులతో హిమోగ్లోబిన్‌ను తయారుచేసుకుంటుంది. గామా గొలుసులో ఈ లోపం లేదు. పైగా అది ఉన్న చోట కొడవలి పోగులు పేరుకోలేవు. పుట్టిన తరువాత నెలల వ్యవధిలో గామా తగ్గి, బీటా పెరుగుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే బిడ్డ చేతులూ పాదాలూ వాచి, గుక్కపట్టి ఏడవడం మొదలవుతుంది.

గామాను ఆపేస్తున్నది ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి మరో 60 ఏళ్ళు పట్టింది. బాస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్, వారి సహచరులు 2008లో బీసీఎల్11ఏ అనే జన్యువే ఆ తాళం వేస్తోందని చూపించారు. ఈ జన్యువుకు శరీరంలో ఇంకా అనేక పనులున్నాయి కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయకూడదు. అయితే ఎర్ర కణాల్లో మాత్రమే దాన్ని పని చేయించే చిన్న మీట లాంటి భాగం ఒకటి దానిలోనే ఉందని తరువాత తేలింది. కాస్‌గెవీ కత్తిరించేది ఆ మీటనే. తాళం వదులవుతుంది, గామా తిరిగి వస్తుంది, పెద్దవారి ఒంట్లో పిండ హిమోగ్లోబిన్ మళ్ళీ ప్రవహిస్తుంది. లోపాన్ని దిద్దకుండా, ప్రకృతి ఒకప్పుడు వాడి పక్కన పెట్టిన పద్ధతిని తిరిగి పిలిపించడం నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా అందంగా కనిపించే విషయం. బీటా థలసీమియాకు కూడా ఇదే చికిత్స పనికొస్తుంది. అక్కడ బీటా గొలుసులే కొరవడతాయి కాబట్టి ఆ లోటును గామా పూడుస్తుంది.

మీట కత్తిరించడం ప్రయోగశాలలో జరిగే పని. రోగి పడే కష్టం దానికి ముందూ వెనుకా ఉంది. మొదట మందులిచ్చి ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే మూలకణాలను రక్తంలోకి రప్పించి, యంత్రంతో వడగట్టి సేకరిస్తారు. ఒక్కసారి సేకరిస్తే చాలినన్ని కణాలు రాకపోవచ్చు, అప్పుడు మళ్ళీ మళ్ళీ రావలసి ఉంటుంది. ఆ కణాలను కర్మాగారానికి పంపి, సవరించి, పరీక్షించి తిరిగి తెప్పించడానికి నెలలు పడుతుంది. ఆ తరువాత బుసల్ఫాన్ అనే బలమైన కీమోథెరపీ మందుతో రోగి పాత మజ్జను ఖాళీ చేస్తారు. జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రోగనిరోధక శక్తి దాదాపు సున్నాకు పడిపోతుంది. సంతానం కలిగే అవకాశం శాశ్వతంగా పోవచ్చు కూడా. అందుకే అండాలనో, వీర్యాన్నో ముందే భద్రపరుచుకోవడం గురించి వైద్యులు తప్పక మాట్లాడాలి. సవరించిన కణాలను ఎక్కించాక అవి కుదురుకునేదాకా వారాల తరబడి ఆసుపత్రి గదిలోనే ఉండాలి.

ఇంత బాధకు ఓర్చుకున్నవారికి ఫలితం దక్కింది. మిసిసిపీ రాష్ట్రానికి చెందిన విక్టోరియా గ్రే 2019 జూలైలో నాష్‌విల్‌లో ఈ చికిత్స తీసుకున్నారు. సికిల్ సెల్ వ్యాధికి అమెరికాలో క్రిస్పర్ చికిత్స పొందిన మొదటి వ్యక్తి ఆమె. 2023లో లండన్‌లో జరిగిన జన్యు సవరణ సదస్సులో ఆమె స్వయంగా తన అనుభవాన్ని శాస్త్రవేత్తలకు వివరించారు. అమెరికా అనుమతికి ఆధారమైన పరీక్షలో, తగినంత కాలం గమనించగలిగిన 31 మందిలో 29 మందికి కనీసం వరుసగా 12 నెలల పాటు తీవ్రమైన నొప్పి రాలేదు. కాస్‌గెవీతో పాటు అదే రోజున అమెరికాలో అనుమతి పొందిన లిఫ్జీనియా అనే మరో చికిత్స వైరస్ ద్వారా కొత్త జన్యువును చేరుస్తుంది. దాన్ని పొందినవారిలో రక్త క్యాన్సర్ కనిపించిన ఉదంతాలుండడం వల్ల తీవ్రమైన హెచ్చరికతో విడుదల చేశారు.

ఇక ధర. అమెరికాలో కాస్‌గెవీకి 22 లక్షల డాలర్లు, లిఫ్జీనియాకు 31 లక్షల డాలర్లు నిర్ణయించారు. అప్పటి మారకంలో మొదటిదే 18 కోట్ల రూపాయలు దాటుతుంది. ఆసుపత్రి ఖర్చు దానికి అదనం.

ఈ అంకె వినగానే నాకు మన ఏజెన్సీ గుర్తుకొస్తుంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో, భద్రాచలం చుట్టుపక్కల కోయ గూడేల్లో, పాడేరు మన్యంలో ఈ వ్యాధి తరతరాలుగా ఉంది. మలేరియా ఉన్న చోటే ఈ జన్యువు నిలిచింది. ఒక్క ప్రతిని మోసేవారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో చేసిన పరిశోధనతో నిరూపించారు. అలా ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారిని వాహకులంటారు, వారు రోగులు కారు. అటువంటి ఇద్దరు దంపతులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మేనరికాలు వాడుకలో ఉన్న చోట దంపతులిద్దరూ వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది కాబట్టి పెళ్ళికి ముందే రక్తపరీక్ష అవసరం. ఆ ఫలితాన్ని చూపి ఆడపిల్ల సంబంధాన్ని తిప్పికొట్టడం మాత్రం అన్యాయమని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే బిడ్డకు జబ్బు రావాలంటే తండ్రి వైపు నుంచి కూడా ఆ జన్యువు రావాలి.

మన దేశంలో 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభమైంది. 40 ఏళ్ళ లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యాలు. ఢిల్లీలోని సీఎస్ఐఆర్-ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సొంతంగా అభివృద్ధి చేసిన జన్యు కత్తెరతో రూపొందించిన చికిత్సకు బిర్సా 101 అని పేరు పెట్టి, ఆ పరిజ్ఞానాన్ని టీకాల తయారీ సంస్థ సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అందజేశారు. పేరు పెట్టడానికీ రోగి చేతికి అందడానికీ మధ్య మానవ పరీక్షలనే దీర్ఘమైన దారి ఉంది. అయినా ఆ దారి మనకు చేతకానిది కాదు. మన వాళ్ళు దశాబ్దాలుగా వైద్యానికి వెళ్ళే వెల్లూరు సీఎంసీలో రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా-ఏ జబ్బు తీవ్రంగా ఉన్న ఐదుగురికి జన్యు చికిత్స చేస్తే, గమనించినంత కాలం ఒక్కరికీ రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో ప్రచురించారు.

ఈలోగా గూడెంలో ఉన్న బిడ్డకు ఏం చేయగలం? హైడ్రాక్సీయూరియా అనే చవకైన మాత్ర ఉంది. అమెరికాలో 1998లోనే పెద్దల వైద్యానికి అనుమతి పొందిన ఈ మందు కూడా పిండ హిమోగ్లోబిన్‌ను పెంచే పనే చేస్తుంది. కాస్‌గెవీ అంత బలంగా కాకపోయినా, నొప్పులను గణనీయంగా తగ్గిస్తుంది. దీన్ని రోజూ వేసుకోవాలి. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోకుండా ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేసి మోతాదును సరిచూడాలి. ఆ పరీక్ష కోసం తల్లి ఒక రోజు కూలి వదులుకుని, నొప్పితో ఉన్న బిడ్డను ఎత్తుకుని కొండ దిగి పట్టణానికి రావలసిన అవసరం లేకుండా, రక్తకణాలను లెక్కించే యంత్రమూ, దాన్ని నడిపే మనిషీ, ఆ మాత్రల నిల్వా గూడేనికి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉండాలి.