వాన వెలిశాక అరక ఎప్పుడు కట్టాలి?

శ్రోతలకు నమస్కారం. వాన వెలిశాక తడి నేలలోకి అరక ఎప్పుడు దించాలో ఇవాళ మాట్లాడుకుందాం, గుర్రంతో దున్నేవాళ్ల దగ్గర మొదలుపెట్టి.

హైదరాబాదువాళ్లకు గుర్రం కొత్తేమీ కాదు. మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే గుర్రాలున్నాయి. పాతబస్తీ బారాత్‌లో బ్యాండు మోతను ఓర్చుకుంటూ పెళ్లికొడుకును మోసే గుర్రముంది. టాంగాలెక్కి తిరిగిన పెద్దవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. మాసాబ్‌ట్యాంకు దగ్గర ఏసీ గార్డ్స్ బస్తీకి ఆ పేరు నిజాం కాలంనాటి ఆఫ్రికన్ అశ్వికదళం వల్ల వచ్చింది. ఇన్ని గుర్రాలను చూసిన ఊళ్లో, గుర్రానికి నాగలి కట్టి చేను దున్నుతుంటే చూసినవాళ్లు మాత్రం దొరకడం కష్టం.

అమెరికాలో అలాంటి సేద్యం ఇప్పటికీ నడుస్తోంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ ప్రాంతం, ఒహాయో రాష్ట్రంలో హోమ్స్ ప్రాంతం. అక్కడ ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లు పొలం దున్నడానికి ట్రాక్టరు వాడరు. బెల్జియన్, పెర్షెరాన్ జాతుల బరువు గుర్రాలతో దున్నుతారు, విత్తుతారు, గడ్డి కోస్తారు. వాళ్లే కాదు, ఇంగ్లండులో, ఫ్రాన్సులో కూడా కూరగాయల తోటలకూ ద్రాక్షతోటలకూ గుర్రాన్ని కట్టే చిన్న రైతులు అక్కడక్కడా ఉన్నారు. మన రేసు గుర్రం సుమారు 500 కిలోలుంటే, ఈ బరువు గుర్రం 800, 900 కిలోలు తూగుతుంది. కాళ్లు స్తంభాలు. స్వభావం చూస్తే మన ముసలి ఎద్దంత నిదానం.

వాళ్లకు విత్తే కాలం వసంతం. మంచు కరిగిన నేల మీద ఏప్రిల్, మే నెలల్లో వానలు పడతాయి. నేల వేడి 10 డిగ్రీలకు ఎక్కితే గానీ మక్క విత్తరు. మనకు వసంతమంటే మామిడి పిందెలు, ఉగాది పచ్చడి, ఏదో ఒక సాయంత్రం ఉరిమి రాలే వడగళ్లు. విత్తనాల ఊసుండదు. వాళ్ల తడి వసంతం పడే అవస్థ మన దగ్గర వానాకాలం మొదట్లో, మిరుగంలో అంటే మృగశిర కార్తెలో, ఆరుద్ర కార్తెలో కనిపిస్తుంది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్నారు. నిజమే. కానీ రంకె వేసిన ఎద్దుకు ఆ పూటే కాడి కట్టొచ్చా అంటే, కట్టకూడదు. ఇక్కడే ఒహాయో రైతు చిక్కూ మన చేవెళ్ల రైతు చిక్కూ ఒక్కటవుతాయి.

ఆలస్యం చేస్తే అదును పోతుంది. తొందరపడితే నేల పాడవుతుంది. నేల ఎలా పాడవుతుందో కొంచెం వివరంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఈ నష్టం ఆ రోజు కంటికి కనపడదు. మట్టిలో రేణువుల మధ్య సన్నటి ఖాళీలుంటాయి. గాలి ఆడేదీ నీరు ఇంకేదీ వేరు దిగేదీ వాటిల్లోంచే. నేల బాగా తడిసి ఉన్నప్పుడు బరువు పడితే ఆ ఖాళీలు నలిగి మూసుకుపోతాయి. పైగా నాగలి కర్రు అడుగున మట్టిని కోయదు, మెత్తి నున్నగా పూస్తుంది. ఆ పూత ఎండాక గట్టి పొరై కూర్చుంటుంది. పైన తిరగబడ్డ మట్టి పెళ్లలై ఎండుతుంది, వాటిని మళ్లీ పగలగొట్టడం ఇంకో పని. సరిగ్గా రాని మొలక, పసుపెక్కిన ఆకు, చిన్న వానకే నిలిచిపోయే నీరు, ఇవన్నీ నెల తరవాత బయటపడతాయి. అప్పుడు రైతు విత్తనాల కొట్టువాడిని తిడతాడు.

గుర్రాలతో, ఎద్దులతో దున్నితే నేల అణగదని ఒక మాట ప్రచారంలో ఉంది. అది పూర్తిగా నిజం కాదు. బరువు గుర్రం డెక్క మోపిన చోట ఒక్కో చదరపు అంగుళం మీద పడే ఒత్తిడి ట్రాక్టరు టైరు ఒత్తిడి కన్నా తక్కువేమీ కాదు, చాలాసార్లు ఎక్కువే. తేడా ఎక్కడుందంటే, డెక్క అక్కడొకటి అక్కడొకటి గుంటలు పెడుతుంది, చక్రం చేను పొడవునా గాడి తీస్తుంది. పై మట్టి ఎంత నలుగుతుందనేది ఒత్తిడిని బట్టి ఉంటుంది. అడుగున నాగలి అందని లోతులో నేల ఎంత బిగుస్తుందనేది ఇరుసు మీద పడే మొత్తం బరువును బట్టి ఉంటుంది. మామూలు ట్రాక్టరు రెండు టన్నుల దాకా ఉంటుంది, వెనక తగిలించిన సామాను కాక. అంత లోతున బిగిసిన నేలను వదులు చేయడం చిన్న రైతు వల్ల అయ్యే పని కాదు.

నన్నడిగితే అసలు తేడా ఇది కూడా కాదు. తడి నేలలోకి దిగిన పశువు ఆ సంగతి చెబుతుంది. డెక్కలకు మట్టి అంటుకుని అడుగు బరువెక్కుతుంది, నాలుగు సాళ్లకే రొప్పుతుంది, మలుపు దగ్గర నిలబడిపోతుంది. వెనక మేడి పట్టినవాడికీ అదే గతి, చెప్పుల కింద రెండు వేళ్ల మందాన మట్టి. అడుగు వెడల్పు సాలు తోలేవాడు ఎకరం దున్నాలంటే 13 కిలోమీటర్లు నడవాలి. చార్మినార్ దగ్గర బయలుదేరి గోల్కొండ కోట దాటి ఇంకా ముందుకు పోయినంత. ఆ దూరం బురదలో నడవాల్సినవాడు ఇవాళ వద్దు, ఎల్లుండి చూద్దాం అంటాడు. ట్రాక్టరు సీటు మీద కూర్చున్నవాడికి ఆ బరువు తెలియదు. గేరు మారుస్తాడు, చక్రం కాస్త జారుతుంది, పని మాత్రం అయిపోతుంది.

గుర్రంతో సేద్యం చేసేవాళ్లు తడి వసంతంలో నేలను చూసుకున్నంత జాగ్రత్తగా గుర్రాన్నీ చూసుకోవాలి. చలికాలమంతా కొట్టంలో నిలబడ్డ గుర్రం భుజాలు మెత్తబడి ఉంటాయి. అందుకని మొదట్లో రోజుకు గంటో రెండు గంటలో కట్టి మెల్లగా అలవాటు చేస్తారు. ఎద్దుకు మూపురం ఉంది కాబట్టి కాడి దానికి ఆనుతుంది. గుర్రానికి మూపురం లేదు. అందుకే భుజాల మీద బరువు పడేట్టు, లోపల గడ్డి కూరిన తోలు పట్టెడను మెడ చుట్టూ వేస్తారు. ఆ పట్టెడకూ గొంతుకూ మధ్య అరచేయి దూరేంత సందు ఉండాలి. వానలో తోలు నాని బరువెక్కుతుంది, నానిన చర్మం ఇట్టే ఒరుసుకుపోతుంది. సాయంత్రం విప్పగానే చెమట ఉప్పు పోయేట్టు భుజాలు కడగకపోతే మర్నాటికి పుండు. మన ఎద్దులకు అయ్యే కాడిపుండు కూడా ముసురు రోజుల్లో ఇలాగే ముదురుతుంది.

ఇంకో జబ్బు ఉంది, ఇది మన పశువైద్యంలో అంతగా వినపడదు. అక్కడ దాన్ని సోమవారం జబ్బు అంటారు. ఆదివారం గుర్రానికి సెలవు, దాణా మాత్రం పని రోజు పెట్టినంతా పెడతారు. సోమవారం పొద్దున కట్టి కొంచెం దూరం నడిపించేసరికి వెనక కాళ్ల కండలు కొయ్యబారి గుర్రం కదల్లేకపోతుంది. మూత్రం కాఫీ రంగులో వస్తుంది. బలవంతంగా నడిపిస్తే ప్రాణం మీదికే వస్తుంది. ఎడతెరిపి లేని వసంతంలో వారానికి నాలుగు ఆదివారాలు వస్తాయి కదా! కాబట్టి వాన పట్టుకోగానే గింజ దాణా బాగా తగ్గించి, ఎండుగడ్డి మీదే ఉంచాలి. కొత్తగా మొలిచిన పచ్చికలోకి ఆకలితో వదిలినా డెక్కల లోపల వాపు వచ్చి కుంటుపడుతుంది. ఆకాశంతో పాటు దాణా గాబును కూడా కనిపెట్టుకోవాలన్నమాట.

మరి మన దగ్గర గుర్రం ఎందుకు నాగలి ఎక్కలేదు? ఎద్దు నెమరువేసే జంతువు. ఉత్త జొన్నచొప్ప తిని పని చేస్తుంది. గుర్రానికి మంచి గడ్డి కావాలి, బరువైన పని చేయిస్తే గింజ కూడా కావాలి. ఇంట్లో ఆవు ఉంటే పాలూ వస్తాయి, కోడెదూడా వస్తుంది, గుర్రంతో ఆ లాభం లేదు. బురదలో ఎద్దు డెక్క రెండుగా విచ్చుకుని ఆనుతుంది, పైకి తీసేటప్పుడు దగ్గరకొస్తుంది, అందుకే సులువుగా ఊడి వస్తుంది. గుర్రం డెక్క ఒకటే ముక్క, బురదలో పట్టేస్తుంది. ఇక వరి మడిలో దమ్ము చేయడానికి దున్నపోతులు ఉండనే ఉన్నాయి. గుర్రానికి ఎద్దు కన్నా నడక జోరే గానీ, మన రెండెకరాల చెలకలో ఆ జోరుతో తీరే అవసరం పెద్దగా లేదు.

ఇప్పుడు మన నేలల దగ్గరికి వద్దాం. హైదరాబాదు చుట్టూ రెండు రకాల నేలలున్నాయి. ఎర్రచెలక వాన వెలిసిన ఒకటి రెండు రోజుల్లో అదునుకొస్తుంది, అంత త్వరగానూ గట్టిపడిపోతుంది. ఆ రెండు రోజులు దాటితే కర్రు దిగదు, విత్తనం వేసినా పైన పెచ్చు కట్టి మొలక బయటికి రాదు. వికారాబాదు దాటి తాండూరు వైపు పోతే నల్లరేగడి. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కంది పుట్టినిల్లు అదే. రేగడి తడిస్తే బంక, ఎండితే రాయి. ముసురు పట్టిందంటే అందులోకి మనిషే పోలేడు, ఇక అరక సంగతి చెప్పేదేముంది.

పటాన్‌చెరులో 1972లో మొదలైన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలో ఈ రెండు నేలలూ ఉన్నాయి. రేగడి మీద అక్కడి శాస్త్రవేత్తలు చేసిన పని నాకు చాలా ఇష్టం. తడిలోకి పోలేనప్పుడు తడికి ముందే విత్తితే సరిపోతుంది కదా అన్నారు. మీటరు వెడల్పున ఎత్తు మడులు, మడికీ మడికీ మధ్య అర మీటరు కాలువ. వాన ఖాయంగా పడుతుందనుకునే రోజులకు కాస్త ముందు పొడిదుక్కిలోనే విత్తనం వేస్తారు. ఎక్కువైన నీరు కాలువలోంచి మెల్లగా పోతుంది. ఎద్దులు, చక్రాలు ఎప్పుడూ ఆ కాలువల్లోనే నడుస్తాయి, పైరున్న మడి మీద అడుగే పడదు. దీని కోసం ట్రాపికల్టర్ అనే రెండు చక్రాల బండిని వాడారు. జత ఎద్దులతో నాగలి, విత్తే గొర్రు, కలుపు తీసే గుంటక పనులన్నీ అదే చేస్తుంది. పని బ్రహ్మాండంగా చేసింది. రైతులు మాత్రం కొనలేదు, ధర చిన్న కమతానికి మించిపోయింది. బండి పోతే పోయింది గానీ, ఎత్తు మడి, పొడి విత్తనం, నడక ఒకే దారిన అనే మూడూ ఇప్పటికీ ఏ రేగడి రైతుకైనా పనికొస్తాయి.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇది. ఎద్దులు పోయాక చిన్న రైతు చేతిలోంచి బలం పోలేదు, కిరాయికి అంతకు ఎన్నో రెట్లు బలం దొరుకుతోంది. పోయింది రోజు. ఇవాళ దున్నాలా, ఎల్లుండి దున్నాలా అన్న నిర్ణయం పోయింది. మిరుగం వాన పడ్డ మర్నాడు ఊళ్లో అందరికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి. ఉన్నవి నాలుగైదు. పదెకరాలవాడి దగ్గరికి ముందు పోతుంది, అది సహజం. దారిలో ఉంది కదా అని రెండెకరాలవాడి చేలోకి పచ్చి తడి మీదే దిగుతుంది. వద్దంటే మళ్లీ వారానికి గానీ రాదు, అప్పటికి చెలక రాయి. దేశంలో మగపశువులు 2012 పశుగణనకూ 2019 పశుగణనకూ మధ్య బాగా తగ్గిపోయాయి. అవి మళ్లీ పెరుగుతాయని నేననుకోను. జత ఎద్దులకు చేతినిండా పని ఉండాలంటే రెండెకరాలు చాలవు. పని లేని రోజున ట్రాక్టరు డీజిలు తాగదు, ఎద్దు మాత్రం చొప్ప తింటుంది. పూర్వం చెరో ఎద్దు ఉన్న ఇద్దరు కలిసి కాడి కట్టుకునేవాళ్లు. నాలుగిళ్లు కలిసి ఒక అరకను పోషించుకుంటే లెక్క కుదురుతుంది. పత్తి చేలల్లో గుంటక తోలడానికి కిరాయి అరకలు ఇప్పటికీ దొరుకుతున్నాయంటే ఆ అవసరం తీరిపోలేదనే కదా.

అరక పెట్టుకోలేనివాళ్లు ట్రాక్టరును ఎండలోనే వాడుకోండి. ఏప్రిల్, మే జల్లుల తరవాత నేల పై తడి ఆరాక లోతు దుక్కి చేయించండి, అప్పుడు కిరాయికీ పోటీ ఉండదు. మిరుగం వచ్చాక బరువైన బండిని చేలోకి రానివ్వకండి. విత్తడానికీ కలుపుకూ అరకో, చేత్తో తోసే పనిముట్టో చాలు. తప్పదనుకుంటే గట్టు పక్కన కాకుండా చేను నడిమధ్య, నాగలి దిగే లోతు నుంచి పిడికెడు మట్టి తీయండి. పై మట్టిని నమ్మొద్దు, అది ముందే ఆరుతుంది. గట్టిగా పిసికి నడుమెత్తు నుంచి వదలండి. పొడిపొడిగా విడిపోతే కట్టొచ్చు. ముద్దగానే ఉంటే, లేదా అరచేతుల మధ్య రుద్దితే పెన్సిలు కన్నా సన్నగా తాడులా సాగితే, ఆ రోజు వద్దు. రేగడిలో ఒక రోజు ఆగి మళ్లీ చూడండి, చెలకలో సాయంత్రమే మళ్లీ చూడండి.

ఎద్దులున్నవాళ్లకు ఒక్క మాట. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే పడాలి. ముసురు పట్టాక వేయిద్దామనుకుంటే టీకా పని మొదలుపెట్టేలోపే జబ్బు రావచ్చు. మే నెలలోనే మీ పశువైద్యశాలలో అడగండి. కిరాయి ట్రాక్టరు మీద ఆధారపడ్డవాళ్లు గట్లు కలిసిన ముగ్గురు నలుగురు ఒక్కటై బేరం చేసుకోండి. నాలుగు చేలు ఒకే చోట ఉన్నాయంటే డ్రైవరుకు డీజిలు కలిసొస్తుంది, మీరు రమ్మన్న రోజున వస్తాడు. బేరమాడేటప్పుడు గంట కిరాయితో పాటు ఆ షరతు కూడా ముందే మాట్లాడుకోండి.

సెలవు. నమస్కారం.