బొమ్మలమ్మ గుట్ట: ఒక జైన తీర్థాన్ని పూర్తిగా చదవడం

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

తెలంగాణలో జైన క్షేత్రం అనగానే మనలో చాలామందికి మొదట కొలనుపాక గుర్తుకు వస్తుంది. అక్కడ ఆలయం నిలిచి ఉంది, పూజలు జరుగుతున్నాయి, దూరప్రాంతాల నుంచి యాత్రికులు వస్తున్నారు. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది గోపురమూ ప్రాకారమూ లేని మరొక తీర్థాన్ని గురించి. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర ఉన్న ఆ కొండను ఊరివారు బొమ్మలమ్మ గుట్ట అంటారు. దాని మీది పదో శతాబ్దపు శాసనం మాత్రం ఆ కొండను వృషభగిరి అని పేర్కొంటుంది.

ఆ శాసనం వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడు ఈయనకు అన్న. తండ్రి భీమపయ్య వేంగి ప్రాంతపు బ్రాహ్మణ వంశంలో పుట్టి జైనాన్ని స్వీకరించినవాడు. తల్లి అబ్బణబ్బె కన్నడ దేశపు ఆడపడుచు. పంపడు వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి, క్రీ.శ. 941లో ఆదిపురాణం రచించాడు. అదే చాళుక్య వంశపు నీడలో జైనాచార్యుడు సోమదేవసూరి 959లో యశస్తిలక చంపువును, అంటే గద్యపద్యాలు కలిసిన కావ్యాన్ని, ముగించిన గంగధార ఈ గంగాధరేనని చరిత్రకారులు గుర్తించారు. అంటే ఈ గుట్ట ఎవరూ రాని అడవిలో ఒంటరిగా వెలసినది కాదు. రాజులు బసదులు అనే జైన ఆలయాలు కట్టించి, కవులు కావ్యాలు రాసి, మునులు శిష్యులకు బోధించిన ఒక సజీవ జైన మండలం నడుమ వెలసింది.

గుట్ట మీది బండకు చక్రేశ్వరీ దేవిని, తీర్థంకరులను చెక్కారు. చక్రేశ్వరి ఆదితీర్థంకరుడైన వృషభనాథుని శాసనదేవత, అంటే ఆయన ధర్మాన్ని కాపాడే దేవత గనుక, వృషభగిరిపై ఆమెను ప్రధానంగా నిలపడం ఎంతో ఆలోచించి చేసిన పని. ఆ శిల్పాల కింద కన్నడం, సంస్కృతం, తెలుగు మూడు భాషల్లోనూ శాసనం ఉంది. తెలుగు భాగంలో మూడు కందపద్యాలు ఉన్నాయి. నన్నయకు సుమారు ఒక శతాబ్దం ముందే ఇంత సలక్షణమైన కందం తెలుగులో నడిచిందని ఈ రాయి రుజువు చేస్తున్నది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంలోనూ దీని పేరు గట్టిగా వినిపించింది. అది మనందరికీ గర్వకారణమే.

అయితే ఆ మూడు పద్యాల దగ్గరే మన చూపు ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. జినవల్లభుడు ఇక్కడ భాషకు సాక్ష్యం చెక్కించాలనుకోలేదు, తీర్థాన్ని నెలకొల్పాలనుకున్నాడు. సిద్ధశిల అనే బండపై జినబింబాలను, చక్రేశ్వరిని చెక్కించడమే కాక త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను ఏర్పరచానని శాసనంలో చెప్పుకున్నాడు. కవితాగుణార్ణవుడు పంపని బిరుదు. తమ్ముడు అన్న కీర్తిని ఒక చెరువుకు పెట్టి, ఊరివారి నోట నిత్యం పలికేలా చేశాడు. దేవుడికి గుడి, మనిషికీ పశువుకూ నీరు, బాటసారికి నీడ కలిస్తేనే ఆనాటి వారి దృష్టిలో తీర్థం. తెలుగు పద్యం కూడా ఈ మాటే చెబుతుంది: "జినభవనము లెత్తించుట, జినపూజల్సేయుచున్కి" అని మొదలై, జినమునులకు అన్నదానం చేయడంలో జినవల్లభునికి సాటి ఎవరని అడుగుతుంది. ఛందస్సు కోసం ఆ పద్యాన్ని ఉదాహరించే మనం, అందులోని గుడినీ పూజనూ అన్నాన్నీ పక్కన పెట్టేస్తున్నాం.

శాసనపాఠం పుస్తకాల్లో భద్రంగా ఉంది కదా, గుట్టకు ఏమైతేనేం అనే ధోరణి ఇక్కడి నుంచే పుడుతుంది. కరీంనగర్ ప్రాంతంలో గ్రానైట్ కోసం గుట్టలను తొలిచివేయడం మనం చూస్తూనే ఉన్నాం. బండ మీది అక్షరం ఒక్కటే దక్కి, చుట్టూ ఉన్న కొండ తరిగిపోతే మిగిలేది తీర్థం కాదు. అందువల్ల రక్షణ హద్దును శిల్పాలకే పరిమితం చేయకుండా గుట్ట మొత్తానికీ, పరిసరాలకూ గీయాలి. అందులో క్వారీ పనులకు తావు ఉండకూడదు. మూడు భాషల పాఠాన్నీ తాత్పర్యంతో సహా అక్కడే ఫలకంపై ఉంచాలి. బసది, చెరువు, తోట ఎక్కడెక్కడ ఉండేవో వెతకడానికి పురావస్తు శాఖ క్షేత్ర పరిశీలన చేపట్టాలి. ఆ పనిలో కురిక్యాల రైతులను తప్పక కలుపుకోవాలి, ఎందుకంటే పాత కట్టల ఆనవాళ్లు, నీరు పారిన దారులు వారికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియవు.