పారబోసిన టమోటాకు నాలుగు ఎండలు

శ్రోతలకు నమస్కారం.

2023 జులైలో టమోటా కిలో వంద దాటి ఇంకా పైకి పాకింది. చారులోకి ఒక్క కాయ వేయడానికి కూడా చెయ్యి వెనకాడింది. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలింది. టమోటా మండీలున్న మదనపల్లె, పత్తికొండ పేర్లు వార్తల్లో వినపడ్డాయంటే రెంటిలో ఒకటి: ధర ఆకాశానికి అంటినా అంటి ఉండాలి, సరుకు రోడ్డు మీద పారబోసినా పారబోసి ఉండాలి.

పారబోయడం వెనక లెక్క చిన్నది. పెట్టెలో 25 కిలోలు పట్టాయనుకోండి. కిలో 2 రూపాయలు పలికితే పెట్టెకు 50. అందులోంచి కోత కూలి, బండి కిరాయి, దింపుడు కూలి, మండీ కమీషన్ పోవాలి. మిగిలేదేమీ లేదు. పోనీ వెనక్కి తీసుకెళ్దామంటే మళ్ళీ కిరాయి. అందుకే అక్కడే కుమ్మరించి వెళ్ళిపోతారు. గుర్తుంచుకోవాల్సింది ఇదే: చెడిపోయింది ధర. కాయ ఇంకా చెడలేదు. కాయ చెడేది మర్నాటికి.

అంటే మన చేతిలో ఒక్క రోజు ఉంది. ఆ ఒక్క రోజులో చేయగల పని గురించే ఇవాళ మాట్లాడతాను. ఒరుగులు. అంటే ఉప్పేసి ఎండబెట్టిన ముక్కలు. మామిడి ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు మనకు కొత్త కాదు కదా, టమోటా ఒరుగులు కూడా ఆ వరసే. టమోటాలో నూటికి 94 పాళ్ళు నీరే. కుళ్ళు పట్టేది ఆ నీటి వల్లే. నీరు తీసేస్తే కాయ నిలుస్తుంది. మిగతాదంతా నీరు ఎలా తీయాలన్నదే.

ముందు సేకరణ. రోడ్డు మీద పడ్డ గుట్టలోంచి ఏరకండి. మట్టి, పేడ, బండ్ల నూనె అన్నీ అంటుతాయి, అడుగు కాయలు పైవాటి బరువుకి చితికిపోతాయి. పారబోయకముందే అడగాలి. "అన్నా, కుమ్మరించేముందు రెండు పెట్టెలు నాకియ్యి, ఎంతో కొంత ఇస్తా" అంటే కాదనేవాళ్ళు అరుదు. ఆ ఎంతో కొంత ఇవ్వండి కూడా. ఊళ్ళో ఉండేవాళ్ళకైతే రైతుబజారు కట్టేసే వేళ ఇదే మాట పనిచేస్తుంది.

ఇక ఏరడం. అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. మండీలో పక్కకు నెట్టేసే కాయల్లో చాలావరకు చూపుకే బాగుండవు, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. కొన్ని కాయల అడుగున నల్లగా, తోలులా అణిగిన మచ్చ ఉంటుంది. చూసినవాళ్ళు తెగులనుకుంటారు. అది అంటుకునే తెగులు కాదు. నీటి తడి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయినప్పుడు కాయకు కాల్షియం అందక వచ్చే లోపం. ఆ మేరకు కోసేసి, మిగతాది గట్టిగా ఉంటే వాడుకోవచ్చు. తొడిమ చుట్టూ గీతలు గీతలుగా పగిలి, ఆ పగుళ్ళు ఎండిపోయి ఉంటే అదీ పనికొస్తుంది. ఎండదెబ్బకు ఒక పక్క పాలిపోయిన కాయ కూడా పనికొస్తుంది. వంకరటింకర కాయల సంగతి చెప్పక్కర్లేదు.

పనికిరానివి ఇవి. పగులు పచ్చిగా ఉండి రసం కారుతున్నది వద్దు. పురుగు తొలిచిన రంధ్రం ఉన్నది వద్దు, లోపల ఎంత దూరం పోయిందో బయటికి తెలియదు. పులిసిన వాసన వచ్చేది వద్దు. బూజు ఒక్క చుక్క ఉన్నా వద్దు. "ఆ చుక్క కోసేస్తే సరి" అంటారు కొందరు. క్యారెట్ లాంటి గట్టి దుంపకైతే చుట్టూ అంగుళం వదిలి కోసుకోవచ్చు. టమోటా మెత్తన, నీరున్న కాయ. బూజు కంటికి కనపడని చోటికి అప్పటికే పాకి ఉంటుంది. ఇదే మాట వేరుశనగకు ఇంకా గట్టిగా చెప్పాలి. బూజు పట్టిన, రంగు మారిన పప్పులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు. పశువుకు పెడితే పాలల్లోకి వస్తుంది. ఎంత కరువైనా దాన్ని దాచుకోవద్దు.

ఏరినవాటిని మూడు నీళ్ళలో కడగండి. దుమ్ము, పైన అంటిన మందు కొంత పోతాయి. తుడిచి, అడ్డంగా చక్రాల్లా కోయండి. మందం చిటికెన వేలి మందంలో సగం. ఇంతకన్నా మందంగా కోస్తే ఏమవుతుందంటే, పైపొర ముందే ఎండి బిగుసుకుంటుంది, లోపలి నీరు బయటికి రాలేదు. చేతికి ఎండినట్టే ఉంటుంది, పది రోజుల తర్వాత సీసాలో బూజు కడుతుంది. ఒరుగులు చెడిపోయాయని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చేసిన తప్పు ఇదే, మందం.

కోసిన ముక్కలకు కిలోకు 25 గ్రాముల ఉప్పు. చిన్న చెంచాతో నాలుగైదు. స్టీలు బేసిన్‌లోగానీ జాడీలోగానీ కలపండి. అల్యూమినియం వద్దు, టమోటా పులుపు దాన్ని తింటుంది. మూడు నాలుగు గంటలు మూత పెట్టి ఉంచితే ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. ఆ రసం పారబోయకండి, ఆ పూటే చారు పెట్టుకోవచ్చు. చారుకి మళ్ళీ ఉప్పు అక్కర్లేదు.

ముక్కల్ని ఎత్తైన మంచం మీదో, వెదురు తడక మీదో, ఉతికిన పాత నూలు చీర పరిచి ఒక వరసగా పేర్చండి. ఒకదాని మీద ఒకటి పడకూడదు. ప్లాస్టిక్ పట్టా వేస్తే అడుగున చెమట పడుతుంది. వార్తాపత్రిక వేస్తే సిరా అంటుతుంది. జింకు పూత ఉన్న ఇనుప జల్లెడ వేస్తే పులుపుకి ఆ పూత కరుగుతుంది. నూలు చీరే మేలు. పైన పల్చటి దోమతెర, చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు.

మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి. సాయంత్రం తప్పకుండా లోపలికి తీసుకోవాలి. పగలంతా పోయిన నీరు రాత్రి మంచుకి కొంత తిరిగొస్తుంది. మార్చి ఎండకైతే నాలుగు రోజులు. మబ్బు పట్టిన రోజును లెక్కలో వేసుకోకండి.

ఇక్కడొక చిక్కుంది. ధర పడేది ప్రతిసారీ ఎండల్లో కాదు. 2023లో లాగా సెప్టెంబరులో పడితే ఒరుగుల జోలికి పోవద్దు, ముసురులో అవి ఎండవు, ముక్కిపోతాయి. అప్పుడు కాయల్ని ఉడికించి, జల్లెడ పట్టి, గుజ్జును అడుగంటకుండా మూడో వంతుకు దించుకోండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులే. ఎక్కువ రోజులు కావాలంటే చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. అంతేగానీ సీసాలో పోసి అలమారాలో పెట్టకండి.

ఎండాయని ఎలా తెలుస్తుంది? ముక్కను మడిస్తే తోలులా వంగాలి, చింపితే మధ్యలో తడి మెరవకూడదు. 10 కిలోల కాయకు సుమారు 600 గ్రాములు వస్తాయి. తక్కువేనని దిగులు పడకండి. పోయిందంతా నీరే.

చల్లారాక గాజు సీసాలో ముప్పాతిక వంతు మాత్రమే నింపి, మూత బిగించి, వారం రోజులు కళ్ళ ముందు పెట్టుకోండి. రోజూ ఒకసారి కుదపండి. కొన్ని ముక్కలు ఎక్కువ ఎండి ఉంటాయి, కొన్ని తక్కువ. ఆ తేడా ఈ వారంలో సర్దుకుంటుంది. సీసా గోడకు లోపల చెమట కనపడితే వెంటనే తీసి మరో రెండు ఎండలు పెట్టండి. చెమట లేకపోతే అటక మీద చీకట్లో పెట్టేయొచ్చు. వెలుతురు తగిలితే రంగు చెడుతుంది.

వాడేటప్పుడు నలుగురికి సరిపడా పప్పులోకి గుప్పెడు ముక్కలు. వేడినీళ్ళలో 20 నిమిషాలు నాననిచ్చి, ఆ నీళ్ళతో సహా వేయండి. ఒరుగులో ఉప్పు ముందే ఉంది. పప్పుకు ఉప్పు చివర్లో, రుచి చూశాకే.

నమస్కారం.