కార్డు కొయ్యడానికేనా కంప్యూటరు? ఇవ్వడానికి పనికిరాదా?

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఇవాళ ఒకటే మాట, సూటిగా చెప్తా. తెలివైన కంప్యూటరు చేతికొస్తే మన తెలంగాణ సర్కారు దాన్ని పేదోడి రేషన్ కార్డు కొయ్యడానికి వాడింది. కార్డు లేని పేదోణ్ణి వెతికి ఇవ్వడానికి వాడిన దాఖలా నాకు కనపడలేదు. గొడవంతా ఇక్కడే ఉంది!

సమగ్ర వేదిక సంగతి మీకు తెలిసిందే. ఏ శాఖ దగ్గర ఏ వివరం ఉంటే అది, బండ్లు, ఆస్తులు అన్నీ తెచ్చి ఒక్క మనిషి పేరు కింద కలిపే సాఫ్ట్‌వేర్. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు ఎగిరిపోయాయి. నోటీసు లేదు, ఇంటికొచ్చి అడిగింది లేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 'కార్డు పోయిన ఇళ్ళకు పోయి చూసి రండి' అని ఆదేశిస్తే, జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే దాదాపు పదమూడింట ఒకటి. 'చిన్న పొరపాటే కదా' అనేవాళ్ళు ఆ ఇంట్లో ఒక నెల బియ్యం లేకుండా వంట చేసి చూపించాలి.

హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఒకాయన పేరు మీద కారుందని తేల్చింది ఈ లెక్క. కారు వేరే ఆయనది. పేర్లు దగ్గరగా ఉన్నాయి, అంతే!

ఇప్పుడు మన దగ్గరికి రండి. గుట్ట నరసింహస్వామి పేరు పెట్టుకున్న యాదయ్యలు, యాదగిరులు, యాదమ్మలు నల్లగొండ వైపు ఊరికి ఎంతమంది? పాలమూరులో కురుమూర్తి స్వామి పేరున కురుమయ్యలు ఎంతమంది? ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు కూడా ఒకటే ఉంటుంది. ఒక ఆఫీసులో 'యాదయ్య', ఇంకో ఆఫీసులో 'యాదగిరి' అని రాసి ఉంటుంది, మనిషి ఒకడే. ఎవరు ఎవరో ఊళ్ళో ఆశా వర్కర్‌ని అడిగితే నిమిషంలో చెప్తుంది. ఎక్కడో కూర్చుని పేర్లు కలిపే సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుస్తుంది?

రేషన్ షాపులో మిషన్ ముందు ముసలాయన నిలబడేది చూసే ఉంటారు. బొటనవేలు కండువాకు తుడిచి పెడతాడు, పడదు. 'తాతా, ఇంకో వేలు పెట్టు' అంటాడు డీలరు. అదీ పడదు. ముంబైలో, పుణెలో మట్టి మోసి, రాళ్ళు కొట్టి గీతలు అరిగిపోయిన వేళ్ళు అవి. కష్టం చేసిన చేతినే మిషన్ కాదంటోంది, నాకు మండేది అందుకే!

నేను టెక్నాలజీకి వ్యతిరేకం కాదు. దాన్ని ఏ దిక్కుకు తిప్పారన్నదే నా గొడవ. పంచాయతీలో భర్త మరణం నమోదైంది కదా? మరి ఆ ఇంటావిడకు వితంతు పింఛను కాగితం ఇంటికే ఎందుకు రాదు? బిడ్డ పుట్టినట్టు రికార్డులో ఉంది కదా? ఆ పేరు కార్డులో ఎక్కించడానికి తల్లి మీసేవ చుట్టూ ఎందుకు తిరగాలి? రిక్షా ఆయనకు లేని కారును వెతికి పట్టిన సాఫ్ట్‌వేర్‌కి ఇవి వెతకడం చేతకాదా? అవుతుంది. వెతకమని చెప్పినవాళ్ళు లేరు! 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ఏఐ సదస్సులో పెట్టుకున్న నినాదమే 'ఏఐ అందరికీ పనికి రావాలి' అని. ఆ అందరిలో మర్రిగూడ, నారాయణపేట లేవా?

2025 జూలైలో సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ముఖ్యమంత్రి కొత్త కార్డుల పంపిణీ మొదలుపెట్టారు. మంచి పని. కానీ రేపు ఈ కార్డులు మళ్ళీ చప్పుడు లేకుండా పోవని గ్యారంటీ ఏది? నా డిమాండ్ ఇది: మనిషి ఇంటికొచ్చి చూడకుండా ఒక్క కార్డు కూడా ఆపొద్దు. ఆపితే కారణం తెలుగులో రాసి చేతికివ్వాలి. నష్టపోయినవాళ్ళకు కారణం చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4 ఎప్పుడో చెప్పింది. కంప్యూటరు నిర్ణయం తీసుకుంటే చట్టం మారుతుందా?

మీ ఇంట్లో కార్డు పోయిందా? ఏ కారణం చెప్పారు? మండలం పేరుతో కింద కామెంట్ పెట్టండి. కార్డు నంబరు, ఆధార్ నంబరు మాత్రం రాయకండి. కారణం అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో వచ్చే వీడియోలో లైను లైనుగా చూపిస్తా.